ఓడల మీదికి వస్తున్న పర్యావరణ నిబంధనలకు ఒక సంస్థ ఎలా సిద్ధపడాలి

నౌకాయాన రంగంలో రాబోయే సంవత్సరాల గురించి మాట మొదలైతే చాలు, చర్చ త్వరగా కొత్త ఇంధనాల వైపు మళ్లుతుంది. మిథనాలా, అమ్మోనియానా, ఎల్‌ఎన్‌జీనా (ద్రవీకృత సహజవాయువా) అన్నది కొత్త ఓడకు ఆర్డరు పెట్టేవారికి నిజంగానే పెద్ద ప్రశ్న. కానీ ఇప్పటికే కొన్ని ఓడలు నడుపుతున్న యాజమాన్యం అంతకన్నా ముందు తేల్చుకోవలసినవి మూడున్నాయి: ఏ ఓడ ఏ దారిలో ఎంత ఇంధనం కాల్చింది, ఆ లెక్కను ఎవరు ధ్రువీకరిస్తారు, దాని ఖర్చు ఒప్పందం ప్రకారం ఎవరి మీద పడుతుంది. ఇప్పుడు అమల్లో ఉన్న నిబంధనలు, త్వరలో రాబోయేవి దాదాపు అన్నీ ఈ మూడింటి మీదే ఆధారపడి ఉన్నాయి. అందుచేత ఈ మార్గదర్శిని కూడా ఆ క్రమంలోనే సాగుతుంది.

ముందుగా ఓడలవారీ పట్టిక

సంస్థ మొత్తానికి ఒకే విధానపత్రం రాసుకోవడం వల్ల పెద్దగా ఉపయోగం లేదు, ఎందుకంటే నిబంధనలు సంస్థకు కాక ఓడకు, ఓడ పరిమాణానికి, అది వెళ్లే దారికి వర్తిస్తాయి. ప్రతి ఓడకు గ్రాస్ టన్నేజీ (ఓడ లోపలి ఘనపరిమాణాన్ని బట్టి వచ్చే కొలత), డెడ్‌వెయిట్ (ఓడ మోయగల బరువు), కీల్ వేసిన, అంటే నిర్మాణం మొదలైన, తేదీ, ఇంజను రకం, తదుపరి డ్రైడాక్ (ఓడను నీటి నుంచి తీసి చేసే మరమ్మతు) తేదీ, గడచిన ఏడాది అది తాకిన ఓడరేవులు ఒకచోట రాయండి. 400 గ్రాస్ టన్నులు దాటితే ఈఈఎక్స్‌ఐ అనే రూపకల్పన సామర్థ్య సూచీ వర్తిస్తుంది. 500 దాటితే ఓడల విచ్ఛేదనకు సంబంధించిన హాంకాంగ్ ఒప్పందం వర్తిస్తుంది. 5,000 దాటితే ఇంధన వినియోగ నివేదిక, సీఐఐ (కర్బన తీవ్రత సూచీ) గ్రేడు, ఐరోపా రేవులకు వెళ్తే అక్కడి కర్బన వ్యయం కూడా తోడవుతాయి. ఐరోపా సమాఖ్య 2025 నుంచి 400 నుంచి 5,000 టన్నుల మధ్య ఉన్న సాధారణ సరకు ఓడలను, ఆఫ్‌షోర్ ఓడలను కూడా ఉద్గారాల నివేదిక పరిధిలోకి తెచ్చింది. కాబట్టి మాది చిన్న ఓడ, మాకు వర్తించదు అన్న ధీమా ఇక చెల్లదు.

ఇంధన లెక్క: అసలు పని ఇక్కడే ఉంది

అంతర్జాతీయ సముద్రయాన సంస్థ, అంటే ఐఎంఓ, 2019 నుంచి 5,000 టన్నులు దాటిన ఓడల వార్షిక ఇంధన వినియోగాన్ని సేకరిస్తోంది. 2026 జనవరి 1 నుంచి ఆ నివేదిక మరింత లోతైనది: ప్రధాన ఇంజను, సహాయక ఇంజన్లు, బాయిలర్లు విడివిడిగా ఎంత కాల్చాయో, ప్రయాణంలో ఎంత, ఆగి ఉన్నప్పుడు ఎంత ఖర్చయిందో, రేవు నుంచి ఎంత విద్యుత్తు తీసుకున్నారో కూడా చెప్పాలి. రోజుకొకసారి ట్యాంకు కొలిచి నూన్ రిపోర్టులో (ఓడ నుంచి రోజూ మధ్యాహ్నం పంపే నివేదికలో) ఒకే అంకె వేసే అలవాటుతో ఈ నివేదిక తయారు కాదు.

అందుకు చేయవలసినవి ఇవి. ప్రతి ఇంధన మీటరు ఎక్కడుందో, దాన్ని చివరిసారి ఎప్పుడు సరిచూశారో ఓడలోనే ఒక పత్రంలో ఉండాలి. బాయిలరుకు విడిగా మీటరు లేకపోతే అంచనా వేసే పద్ధతిని ఓడ ఇంధన సామర్థ్య ప్రణాళికలో, అంటే సీంప్ రెండో భాగంలో, ముందే రాసి ఆమోదం పొందాలి. ఏడాది చివర ధ్రువీకరణ సంస్థ అడిగినప్పుడు కొత్తగా వెతుక్కునే సమాధానం ఎవరినీ ఒప్పించదు. ఇంధన సరఫరా రసీదైన బంకర్ డెలివరీ నోటులోని పరిమాణానికీ, ట్యాంకు కొలతకూ, మీటరు లెక్కకూ మధ్య తేడాను ఏడాదికొకసారి కాకుండా ప్రతి బంకరింగ్ (ఇంధనం నింపుకోవడం) తర్వాత సరిచూడాలి. సింగపూర్ 2017 నుంచి, రాటర్‌డామ్, ఆంట్వర్ప్ రేవులు 2026 జనవరి నుంచి బంకర్ బార్జీల మీద, ప్రవహించే ఇంధనం బరువును నేరుగా కొలిచే మాస్ ఫ్లో మీటర్లు తప్పనిసరి చేశాయి. వీలున్నచోట అటువంటి రేవుల్లో ఇంధనం తీసుకోవడం లెక్క శుద్ధికి సగం పని చేసినట్టే.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఈ భారమంతా చివరకు చీఫ్ ఇంజనీరు, సెకండ్ ఇంజనీరు మీదనే పడుతుంది. కార్యాలయం ఒక ఫారం, చార్టరర్ (ఓడను అద్దెకు తీసుకున్నవారు) మరొక ఫారం, ధ్రువీకరణ సంస్థ ఇంకొక ఫారం అడిగితే, అలసిన మనిషి మూడింటిలో మూడు అంకెలు రాస్తాడు. ఒకే నమోదు నుంచి అన్ని నివేదికలూ తయారయ్యేలా కార్యాలయం ఏర్పాటు చేయకపోతే తప్పు ఓడది కాదు, కార్యాలయానిది.

సీఐఐ గ్రేడు: నిలబడ్డ ఓడ వెనకబడుతుంది

2023 నుంచి ప్రతి పెద్ద ఓడకు ఏటా ఎ నుంచి ఇ వరకు ఒక గ్రేడు వస్తోంది. ఆ ఏడాది విడుదలైన కార్బన్ డయాక్సైడ్‌ను ఓడ మోయగల బరువుతోనూ ప్రయాణించిన నాటికల్ మైళ్లతోనూ భాగిస్తే వచ్చే అంకెను ఆ తరగతి ఓడకు నిర్దేశించిన అంకెతో పోల్చి గ్రేడు ఇస్తారు. నిర్దేశిత అంకె ఏటా కిందికి దిగుతుంది: 2019 స్థాయితో పోలిస్తే 2026కు 11 శాతం తగ్గింపు కాగా, 2025 ఏప్రిల్‌లో ఐఎంఓ నిర్ణయించిన ప్రకారం 2027కు 13.625, 2028కు 16.25, 2029కు 18.875, 2030కు 21.5 శాతం.

దీని అర్థం ఒక ఉదాహరణతో స్పష్టమవుతుంది. 80,000 టన్నుల డెడ్‌వెయిట్ ఉన్న బల్క్ క్యారియర్ ఏడాదిలో 60,000 నాటికల్ మైళ్లు తిరిగి 6,000 టన్నుల హెవీ ఫ్యూయల్ ఆయిల్ కాల్చిందనుకుందాం. ఇంధనం టన్నుకు 3.114 టన్నుల చొప్పున 18,684 టన్నుల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. సూచీ, టన్ను-మైలుకు, సుమారు 3.89 గ్రాములు. ఆ పరిమాణపు బల్క్ క్యారియర్‌కు ఆధార రేఖ సుమారు 4.23 గ్రాములు, 2026కు నిర్దేశించినది సుమారు 3.77. నిర్దేశిత అంకెకు 1.06 రెట్ల వరకు సి గ్రేడే కనుక ఓడ 2026లో సురక్షితంగానే ఉంటుంది. అదే ఓడ అదే దారిలో అదే ఇంధనంతో 2027లో తిరిగితే నిర్దేశిత అంకె 3.66కు దిగి, గ్రేడు డి అవుతుంది. 2028, 2029 కూడా డి గానే గడిస్తే, వరుసగా మూడేళ్లు డి వచ్చిన ఓడ సీంప్ మూడో భాగంలో దిద్దుబాటు ప్రణాళిక రాసి ఆమోదం పొందవలసి ఉంటుంది. ఇ గ్రేడైతే ఒక్క ఏడాదికే ఆ పని చేయాలి. ఓడలో ఏ లోపమూ రాలేదు, సిబ్బంది ఏ తప్పూ చేయలేదు, అయినా గ్రేడు జారింది. మీ ప్రతి ఓడకూ 2030 వరకు ఈ లెక్క ఇప్పుడే వేసి చూడండి. ఒక పూట పని. దాని ఫలితం మీద డ్రైడాక్ బడ్జెట్ అంతా ఆధారపడుతుంది.

గ్రేడును కాపాడుకునే మార్గాల్లో మొదటిది వేగం. ఇంజను శక్తి అవసరం సుమారుగా వేగం ఘనాన్ని అనుసరిస్తుంది కాబట్టి, వేగం 10 శాతం తగ్గిస్తే శక్తి దాదాపు 27 శాతం తగ్గుతుంది. ప్రయాణానికి ఎక్కువ సమయం పట్టినా ఆ దూరానికి ప్రధాన ఇంజను కాల్చే ఇంధనం 19 శాతం వరకు మిగులుతుంది. రెండోది ఓడ అడుగు శుభ్రత: నాచు, బార్నకిల్స్ పట్టిన అడుగుతో తిరగడం ప్రతిరోజూ కనబడకుండా ఇంధనాన్ని తినేస్తుంది. అందుకని వేగానికి తగిన ఇంధన వినియోగం దాటగానే నీటి అడుగు తనిఖీ చేయించే పద్ధతి పెట్టుకోవాలి. మూడోది నిరీక్షణ. లంగరు వేసి వారాల తరబడి రేవు కోసం ఎదురుచూసే ఓడ మైళ్లు కూడకుండానే ఇంధనం కాలుస్తుంది, దాని గ్రేడు దిగజారుతుంది. ఈ సూచీలో ఇది నిజమైన అన్యాయమని నేను భావిస్తాను, ఎందుకంటే రేవు రద్దీ ఓడ చేతిలో లేదు. అయినా నిబంధన మారేవరకు రేవుతో ముందుగా మాట్లాడి, చేరవలసిన సమయానికి తగినట్టు వేగం సర్దుకునే నిబంధనను చార్టర్ ఒప్పందంలో చేర్చుకోవడమే మార్గం.

ఐరోపా దారిలో తిరిగే ఓడలకు

ఇక్కడ రెండు వేర్వేరు చట్టాలున్నాయి. వాటిని కలిపి చూడటం వల్ల చాలా గందరగోళం పుడుతోంది. మొదటిది ఉద్గారాల వ్యాపార పథకం, ఈయూ ఈటీఎస్. ఇది కాల్చిన పరిమాణానికి వెల కడుతుంది. రెండోది ఫ్యూయల్‌ఈయూ మారిటైమ్. ఇది కాల్చిన ఇంధనం ఎంత శుద్ధమైనదో, దాన్ని తయారుచేసే దశ నుంచి లెక్కగట్టి చూస్తుంది.

ఈటీఎస్ ఓడలకు 2024లో మొదలైంది. ఐరోపా సమాఖ్య రేవుల మధ్య ప్రయాణాలకు, రేవులో ఉన్న సమయానికి మొత్తం ఉద్గారాలు, బయటి రేవుకు వెళ్లే లేదా అక్కడి నుంచి వచ్చే ప్రయాణాలకు సగం లెక్కలోకి వస్తాయి. 2024 ఉద్గారాల్లో 40 శాతానికి, 2025వాటిలో 70 శాతానికి, 2026 నుంచి పూర్తిగా అలవెన్సులు (ఒక టన్ను ఉద్గారానికి ఒక అనుమతి) అప్పగించాలి. బయటి రేవుకు వెళ్లే ప్రయాణాల్లో 1,000 టన్నుల హెవీ ఫ్యూయల్ ఆయిల్ కాల్చిన ఓడ 2024కు 623 అలవెన్సులతో సరిపెట్టుకుంటే, అదే వినియోగానికి 2026లో 1,557 కావాలి. పైగా 2026 నుంచి మీథేన్, నైట్రస్ ఆక్సైడ్ కూడా లెక్కలో చేరాయి. ఎల్‌ఎన్‌జీ ఓడల యజమానులు తమ ఇంజన్లలో కాలకుండా జారిపోయే మీథేన్ ఎంతో ఇప్పుడే తెలుసుకోవాలి. ధ్రువీకరించిన నివేదికకు మార్చి 31, అలవెన్సుల అప్పగింతకు సెప్టెంబరు 30 గడువులు. అప్పగించని ప్రతి టన్నుకు 100 యూరోల ఆధారం మీద ధరల సూచీ కలిపిన జరిమానా ఉంటుంది, అయినా అలవెన్సు బాకీ తీరదు. వరుసగా రెండు విడతలు ఎగవేసిన సంస్థ ఓడలన్నింటినీ రేవుల నుంచి బహిష్కరించే అధికారం కూడా ఆ చట్టంలో ఉంది.

ఫ్యూయల్‌ఈయూ 2025 జనవరి 1న మొదలైంది. ఆధార స్థాయి ఒక మెగాజౌలు శక్తికి 91.16 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ సమానం, 2025 నుంచి 2 శాతం, 2030 నుంచి 6, 2035 నుంచి 14.5, 2040 నుంచి 31, 2045 నుంచి 62, 2050 నుంచి 80 శాతం తగ్గాలి. మొదటి అయిదేళ్ల 2 శాతం చిన్నదిగా కనిపిస్తుంది. కానీ మామూలు ఇంధనమే ఆధార స్థాయి దరిదాపుల్లో ఉంటుంది కనుక, ఐరోపా రేవుల మధ్య 1,000 టన్నుల హెవీ ఫ్యూయల్ ఆయిల్ కాల్చి ఏ సర్దుబాటూ చేసుకోని ఓడకు జరిమానా సుమారు 62,000 యూరోలు అవుతుంది. లోటును తీర్చుకోవడానికి జీవ ఇంధన మిశ్రమం వాడవచ్చు, మిగులున్న ఓడతో కలిసి పూల్ ఏర్పరచుకోవచ్చు, లేదా వచ్చే ఏడాది లెక్కలోంచి పరిమితంగా అప్పు తీసుకుని 10 శాతం అదనంగా తిరిగి చెల్లించవచ్చు. చాలా సంస్థలకు పూలింగ్ అందుబాటులో ఉన్న దారి. అయితే ఒక ఓడ ఒక ఏడాదిలో ఒకే పూల్‌లో ఉండగలదు, ఏప్రిల్ 30 లోపు అది నమోదు కావాలి. అంతకుముందు జనవరి 31 నాటికి నివేదిక ధ్రువీకరణ సంస్థకు చేరాలి. జూన్ 30 నాటికి జరిమానా ఉంటే చెల్లించి, ఓడలో పత్రం ఉంచాలి. తేదీలన్నీ ఒక గోడ క్యాలెండరు మీద రాసి పెట్టమని చెప్పడం మామూలు మాటలా అనిపించవచ్చు, కానీ పూల్ గడువు దాటిపోతే ఆ ఏడాదికి జరిమానా తప్ప మార్గం మిగలదు.

జీవ ఇంధనం కొనేటప్పుడు ఒక జాగ్రత్త తప్పనిసరి. సరఫరాదారు ఇచ్చే సుస్థిరత ధ్రువపత్రం లేనిదే ఆ ఇంధనానికి ఎక్కువ ధర పెట్టి కొన్నా లెక్కలో అది శిలాజ ఇంధనంగానే మిగులుతుంది. ధ్రువపత్రం చేతికందే వరకు చివరి వాయిదా చెల్లించని షరతు పెట్టుకోవడం మంచిది.

ఖర్చు ఎవరిది? ఒప్పందాలు తిరగరాయండి

టైమ్ చార్టర్‌లో, అంటే ఓడను కొంతకాలానికి అద్దెకిచ్చే ఒప్పందంలో, ఇంధనం కొనేది, దారి నిర్ణయించేది, వేగం ఆదేశించేది చార్టరర్. చట్టం ముందు జవాబు చెప్పేది మాత్రం యజమాని లేదా మేనేజరు. ఈటీఎస్ విషయంలో బాధ్యత మొదట నమోదిత యజమానిది, రాతపూర్వకంగా అప్పగిస్తే ఐఎస్ఎం కంపెనీది (ఓడ భద్రతా నిర్వహణ బాధ్యత తీసుకున్న సంస్థది). ఫ్యూయల్‌ఈయూలో బాధ్యత నేరుగా ఐఎస్ఎం కంపెనీది. అంటే రుసుము మీద పనిచేసే మేనేజ్‌మెంట్ సంస్థ, తాను కొనని ఇంధనానికి జరిమానా చెల్లించే స్థితిలో పడవచ్చు. నౌకా యజమానుల అంతర్జాతీయ సంఘమైన బిమ్‌కో సీఐఐకి, ఈటీఎస్‌కు 2022లో, ఫ్యూయల్‌ఈయూకు 2024లో నమూనా క్లాజులు విడుదల చేసింది. వాటిని ఆధారంగా తీసుకుని, అలవెన్సులు ఏ నెలకు ఆ నెల బదిలీ కావాలని, ఓడ అప్పగించే నాటికి లోటు లెక్క తేలాలని, మిగులు వస్తే అది ఎవరికి చెందుతుందో కూడా స్పష్టంగా రాయండి. మిగులు గురించి రాయడం చాలామంది మరిచిపోతారు. వివాదాలు అక్కడే పుడతాయి.

ఇంకా తేలని ప్రపంచ నిబంధనను ఎలా చూడాలి

2023 జూలైలో ఐఎంఓ సభ్యదేశాలు 2050 నాటికి లేదా దాని దరిదాపుల్లో నికర శూన్య ఉద్గారాలను చేరాలని ఒప్పుకున్నాయి. 2008తో పోలిస్తే 2030కి కనీసం 20 శాతం, 2040కి కనీసం 70 శాతం తగ్గింపు దారిలో గుర్తులు. దీన్ని చట్టంగా మార్చే నెట్ జీరో విధానానికి 2025 ఏప్రిల్‌లో ప్రాథమిక ఆమోదం లభించింది. నిర్దేశిత స్థాయిని దాటిన ఉద్గారాలకు టన్నుకు 100 డాలర్లు, మరీ ఎక్కువ దాటితే 380 డాలర్లు మొదటి సంవత్సరాల ధరగా అందులో ఉన్నాయి. కానీ 2025 అక్టోబరులో తుది ఆమోదం కోసం సమావేశమైనప్పుడు వాయిదాకు 57 దేశాలు అనుకూలంగా, 49 వ్యతిరేకంగా ఓటు వేయడంతో అది ఏడాది పాటు వాయిదా పడింది.

ఈ వాయిదా నాకు బాధ కలిగించింది, ఎందుకంటే ప్రపంచమంతటికీ ఒకే నిబంధన లేకపోతే ప్రాంతానికొక చట్టం పుట్టుకొస్తుంది. బ్రిటన్ తన దేశీయ ప్రయాణాలకు 2026 జూలై నుంచి సొంత ఉద్గారాల పథకాన్ని వర్తింపజేయాలని నిర్ణయించడం అందుకు ఒక సూచన. పెట్టుబడి లెక్కలు వేసేటప్పుడు రెండు పట్టికలు వేయండి: ప్రపంచ ధర లేకుండా ఒకటి, ఉంటే ఒకటి. రెండింటిలోనూ లాభసాటిగా నిలిచే పనులు, అంటే అడుగు శుభ్రత, మంచి పెయింటు, ప్రొపెల్లర్ మార్పు, వాతావరణాన్ని బట్టి దారి ఎంపిక, ముందు చేపట్టండి. ఒక్క పట్టికలోనే నిలిచేవాటిని తదుపరి డ్రైడాక్ వరకు ఆపండి.

గంధకం, కొత్త నియంత్రణ ప్రాంతాలు

ఓడ ఇంధనంలో గంధకానికి 2020 నుంచి ప్రపంచ పరిమితి 0.50 శాతం, ఉద్గార నియంత్రణ ప్రాంతాల్లో 0.10 శాతం. మధ్యధరా సముద్రం 2025 మే 1న ఆ ప్రాంతాల్లో చేరింది. కెనడా ఆర్కిటిక్ జలాల్లో, నార్వే సముద్రంలో గంధక పరిమితి 2027 మార్చి 1 నుంచి అమలవుతుంది. సరిహద్దు దాటేసరికి ఇంధన మార్పిడి పూర్తయి ఉండాలి కనుక, ప్రతి ఓడకు సర్వీసు ట్యాంకు, పైపుల పరిమాణాన్ని బట్టి మార్పిడికి పట్టే గంటలు లెక్కించి, మొదలుపెట్టిన, ముగించిన సమయం, స్థానం లాగ్‌లో రాయించండి. స్క్రబ్బరు (పొగలోని గంధకాన్ని నీటితో కడిగే యంత్రం) ఉన్న ఓడలు కడిగిన నీటిని వదిలే చోట్లు కూడా తగ్గుతున్నాయి. డెన్మార్క్ 2025 జూలై నుంచి 12 నాటికల్ మైళ్ల లోపల ఓపెన్ లూప్ (కడిగిన నీటిని నేరుగా సముద్రంలోకి వదిలే పద్ధతి) వాడకాన్ని నిషేధించింది.

త్వరగా చూసుకోవలసిన మరికొన్ని

ఓడ నిలకడ కోసం నింపే బల్లాస్ట్ నీటి శుద్ధికి చివరి గడువు 2024 సెప్టెంబరు 8న ముగిసింది; ఇక తనిఖీ అధికారులు చూసేది యంత్రం ఉందా అని కాదు, పనిచేస్తోందా అని. పీఎఫ్‌ఓఎస్ అనే హానికర రసాయనం కలిసిన అగ్నిమాపక నురగను పాత ఓడలు 2026 జనవరి 1 తర్వాత వచ్చే మొదటి సర్వే నాటికి తొలగించాలి. సముద్రంలో కంటైనర్లు పోతే తెలియజేయడం అదే తేదీ నుంచి తప్పనిసరి. హాంకాంగ్ ఒప్పందం 2025 జూన్ 26న అమల్లోకి వచ్చింది. పాత ఓడలు అయిదేళ్లలోగా, లేదా విచ్ఛేదనకు పంపేముందు, ప్రమాదకర పదార్థాల జాబితా తయారుచేసుకోవాలి. ఈ జాబితాను కాగితం పనిగా చూడకండి: యార్డులో గ్యాస్ కట్టర్ పట్టుకున్న కార్మికుడికి ఏ గోడ వెనుక ఆస్బెస్టాస్ ఉందో చెప్పేది అదే.

కొత్త ఇంధనానికి వెళ్లేవారు

మిథనాల్‌లో బరువుకు శక్తి హెవీ ఫ్యూయల్ ఆయిల్‌లో సగానికి కొంచెం తక్కువ, అమ్మోనియాలోనూ దాదాపు అంతే. కనుక ట్యాంకులు పెద్దవవుతాయి, సరకు స్థలం తగ్గుతుంది, లేదా బంకరింగ్ తరచు చేయాలి. మిథనాల్ ఓడ ఉండగానే సరిపోదు. శిలాజ వాయువు నుంచి చేసిన మిథనాల్ కాలిస్తే ఫ్యూయల్‌ఈయూ లెక్క మెరుగుపడదు. అమ్మోనియాలో కర్బనం లేదు, కానీ అది ప్రాణాంతక విషవాయువు. అందుచేత అటువంటి ఓడకు ఒప్పందం చేసుకునేవారు యంత్రాల ధరతో పాటు శిక్షణ కాలాన్ని కూడా లెక్కలో పెట్టుకోవాలి. ఓడ చేతికందడానికి ముందే రెండు పూర్తి బృందాలకు ఐజీఎఫ్ కోడ్ (వాయు, ఇతర తక్కువ జ్వలన బిందువు ఇంధనాల భద్రతా నియమావళి) శిక్షణ ఇప్పించి, ఓడ నిర్మాణ కేంద్రంలో యంత్రాల పరీక్షల సమయంలోనే చీఫ్ ఇంజనీరును అక్కడ ఉంచే ఏర్పాటు నిర్మాణ ఒప్పందంలోనే ఉండాలి.